వీన్యు వెర్ద్: రోజువారీ భోజనంలోకి తేలికపాటి తెల్ల వైన్ - తరచుగా అడిగే ప్రశ్నలు

సూపర్ మార్కెట్లో వైన్ అర ముందు నిలబడి, ఫొటో తీసి, "ఇది కొనొచ్చా?" అని వాట్సాప్‌లో పంపేవాళ్ళు మా చుట్టాల్లో, స్నేహితుల్లో చాలామందే ఉన్నారు. ఆ ఫొటోల్లో తరచూ కనిపించేది ఒకే రకం సీసా, వీన్యు వెర్ద్ (Vinho Verde). సన్నగా, పొడుగ్గా ఉంటుంది. లోపలి వైన్ దాదాపు నిమ్మనీళ్ళ రంగు. ధర మాత్రం పక్క సీసాల కన్నా తక్కువ. ఒక్కొక్కళ్ళకి విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. వైన్ గురించి బాగా తెలిసినవాళ్ళకి ఇందులో కొత్తగా ఏమీ దొరక్కపోవచ్చు.

అసలు ఇది ఏం వైన్?

పోర్చుగల్ దేశానికి వాయవ్య మూల, పైన మీన్యు నది, కింద దోరు నది, పడమర అట్లాంటిక్ సముద్రం. ఎక్కువగా ఈ మూడింటి నడుమ ఉన్న నేలలో పండే ద్రాక్షతో చేసే వైన్. మీన్యు దాటితే స్పెయిన్ వచ్చేస్తుంది. 1908లోనే ఈ ప్రాంతానికి హద్దులు గీశారు. ఆ హద్దుల బయట ఎవరు చేసినా ఈ పేరు పెట్టుకోకూడదు, మన బంగినపల్లి మామిడికి జీఐ గుర్తింపు ఉన్నట్టే. ప్రాంతం లోపల మళ్ళీ తొమ్మిది ఉపప్రాంతాలు ఉన్నాయి: మొన్సావ్-మెల్గాసు, లీమ, కావదు, ఆవె, బాస్తు, సోజ, అమరాంత్, బయావ్, పాయివ. కొనేటప్పుడు ఇవన్నీ గుర్తుంచుకోనక్కర్లేదు. మొదటిది ఒక్కటి తెలిస్తే చాలు, ఎందుకో తర్వాత చెప్తాను.

వీన్యు వెర్ద్ అనేది ద్రాక్ష పేరు కాదు, ప్రాంతం పేరు. అందుకే ఇందులో తెల్లది, ఎర్రది, రోజా రంగుది అన్నీ ఉంటాయి. బయటి దేశాల్లో మనకి కనిపించేది మాత్రం ఎక్కువగా తెల్లదే.

"వెర్ద్" అంటే పచ్చ కదా, మరి వైన్ పచ్చగా లేదేం?

తెలుగువాళ్ళకి ఇది అర్థం చేసుకోవడం తేలిక. మనకి "పచ్చ", "పచ్చి" రెండూ పక్కపక్క మాటలే కదా. పచ్చగా ఉన్న కాయ పచ్చికాయ. పోర్చుగీసులో ఆ రెండు అర్థాలకీ ఒకటే మాట, వెర్ద్. దానికి ఎదురుమాట "మదూరు", అంటే పండినది. అక్కడివాళ్ళు హోటల్లో "వెర్దా, మదూరా?" అని అడుగుతారు. వెర్ద్ అంటే ఈ ప్రాంతపు లేత వైన్, మదూరు అంటే మిగతా ప్రాంతాల వైన్.

ఏడాది పొడుగునా పచ్చగా ఉండే ప్రాంతం కాబట్టి ఆ పేరు వచ్చిందని ఇంకో మాట కూడా ఉంది. మీన్యు వైపు వెళ్ళి చూస్తే అదీ నిజమే అనిపిస్తుంది. కోనసీమ గుర్తొచ్చేంత పచ్చదనం. కానీ నాకు "లేత" అన్న అర్థమే నచ్చుతుంది, ఎందుకంటే ఈ వైన్‌ని ఎలా తాగాలో ఆ మాటే చెప్పేస్తుంది. లేతగా ఉండగానే తాగాలి.

అలాగని పచ్చి ద్రాక్షతో చేస్తారని అనుకోకండి. కాయ పండాకే కోస్తారు. కాకపోతే అక్కడి వాతావరణానికి పండినా పులుపు పోదు.

ఒకే రకం ద్రాక్షతో చేస్తారా?

మామూలు సీసా అయితే రెండు మూడు రకాల కలగలుపు. ఆరు పేర్లు తెలిస్తే చాలావరకు తెలిసినట్టే.

లొరేయ్‌రు: సువాసన దీని పని. పేరుకి అర్థం బిర్యానీ ఆకుకి దగ్గరి చుట్టమైన లారెల్ చెట్టు. పూల వాసన, నారింజ తొక్క వాసన వస్తాయి. ఆరింతు: దీన్ని అక్కడ పెదెర్న అని కూడా అంటారు. నిమ్మకాయ పులుపు ఇచ్చి వైన్‌ని నిటారుగా నిలబెట్టేది ఇదే. త్రజదూర: పులుపు తక్కువ, కండ ఎక్కువ. మిగతా రెండూ మరీ పదునుగా ఉంటే వాటిని మెత్తబరుస్తుంది. అజాల్: ఆకుపచ్చ ఆపిల్ కొరికినట్టుంటుంది, పులుపులో అందరికన్నా ముందు. అవెస్సు: లోపలి వైపు, బయావ్ దగ్గర పండుతుంది, కాస్త నిండుగా ఉంటుంది. ఆఖరిది అల్వారిన్యు. దాని సంగతి వేరే.

ఎందుకు కలుపుతారు? రుచి కోసం అని పుస్తకాల్లో రాస్తారు. అదీ నిజమే గానీ, రైతు వైపు నుంచి చూస్తే ముందు వచ్చే కారణం వాన. ఒక రకం పూత మీద ఉండగా వాన పడితే ఆ ఏడాది దాని కాపు పోతుంది, వెనకగా పూసే రకం మిగులుతుంది. ఒక ఏడాది ఎండ ఎక్కువై త్రజదూర మరీ తియ్యబడితే ఆరింతు వాటా పెంచి సర్దుతారు. మన ఇళ్ళలో పులిహోర కలిపేటప్పుడు ఈసారి చింతపండు పుల్లగా ఉంటే ఒకలా, కొత్తది కాస్త తియ్యగా ఉంటే ఇంకోలా చెయ్యి ఆడుతుంది కదా, అలాంటి లెక్కే. ప్రతి ఏడూ తాగేవాడికి అదే రుచి అందాలి. నాలుగైదు యూరోల సీసాకి అది చిన్న పనేం కాదు.

ఒకసారి లొరేయ్‌రు ఒక్కదానితో చేసిన వైన్, పక్కనే కలగలుపు వైన్ పెట్టుకుని తాగి చూశాను. ఒంటరి లొరేయ్‌రు మొదటి గుక్కకి బ్రహ్మాండం, మల్లెపూల బుట్ట మూత తీసినట్టు. రెండో గ్లాసుకి ఆ సెంటు కాస్త ఎక్కువైంది. కలగలుపులో ఏదీ ముక్కుని పట్టి లాగలేదు, కానీ అన్నం తింటుండగా గ్లాసు ఎప్పుడు ఖాళీ అయిందో తెలీలేదు. రోజువారీ వైన్‌లో నేను చూసేది ఇదే.

అక్కడ ద్రాక్ష పందిరి మీద పెంచుతారట, నిజమేనా?

నిజమే. ఇప్పుడు వేసే కొత్త తోటలు ఎక్కువగా తీగెల మీద వరసలుగానే ఉంటాయి గానీ, పాత పద్ధతి పందిరే. దాన్ని "రమాద" అంటారు. పొలం చుట్టూ గట్ల మీద, దారుల మీద రాతి స్తంభాలు పాతి, పైన తీగెలు లాగి, దాని మీదకి ద్రాక్షని ఎక్కిస్తారు. కింద మొక్కజొన్న, చిక్కుడు, బంగాళాదుంప. చిన్న చిన్న కమతాలు, తిండిగింజలకే నేల చాలదు, అందుకని ద్రాక్షని గట్టుకీ ఆకాశానికీ నెట్టేశారు. అంతకన్నా పాతది చెట్ల మీదకి పాకించే పద్ధతి. ఓక్, చెస్ట్‌నట్ చెట్లని పట్టుకుని తీగ పైదాకా పోతుంది. కోతకి పొడుగాటి నిచ్చెనలు వేసుకుని ఎక్కాలి. ఆ పద్ధతి పేరు "ఎన్‌ఫొర్కాదు", ఉరి వేసినది అని అర్థం. పేరులో ఉన్న భయం నిచ్చెన ఎక్కినవాడికి బాగా తెలుసు.

పైకి ఎక్కించడానికి ఇంకో కారణం తేమ. ఏడాదికి చాలాచోట్ల 1,500 మి.మీ. దాకా వాన పడే నేల. గుత్తి నేలకి దగ్గరగా ఉంటే బూజు తెగులు పట్టేస్తుంది. ఎత్తులో గాలి ఆడుతుంది. కానీ పందిరి కింద నీడలో కాయకి ఎండ తక్కువ తగులుతుంది. చక్కెర తక్కువ, పులుపు ఎక్కువ. చక్కెర తక్కువైతే ఆల్కహాలూ తక్కువే. ఈ వైన్ తేలికగా ఉండటానికి మూలం అదీ.

అక్కడి బ్రాగా నగరం పక్కన ఒక పల్లెలో ఆ రాతి స్తంభాలు చూసినప్పుడు నాకు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలే గుర్తొచ్చాయి. అవే గ్రానైట్ కడీలు, అదే పందిరి, తల వంచుకుని లోపలికి నడవడం. మనవి తినే ద్రాక్ష, వాళ్ళవి వైన్ ద్రాక్ష, అంతే తేడా. వైన్ ద్రాక్ష కాయ చిన్నది, తొక్క మందం, గింజలు ఎక్కువ. కోసి నోట్లో వేసుకుంటే మీకు పెద్దగా నచ్చదు.

చాలా పుల్లగా ఉంటుందంటారు. తాగగలనా?

గోంగూర పచ్చడి, మామిడికాయ పప్పు తిని పెరిగిన నాలుకకి ఈ ప్రశ్న రాకూడదు. ద్రాక్షలో ఉండే ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. మన చింతపండు పులుపూ ముఖ్యంగా దానిదే. అంటే ఈ పులుపు మీకు పాత పరిచయమే, వేషం మార్చుకుని వచ్చింది. లీటరుకి 6 గ్రాములు, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువే ఆమ్లం ఉంటుంది.

మన వాళ్ళు మొదటిసారి వైన్ తాగి ముఖం చిట్లించేది చాలావరకు పులుపుకి కాదు, వగరుకి. ఆ వగరు ఎర్ర వైన్‌లో, ద్రాక్ష తొక్కల నుంచి వస్తుంది, పచ్చి జామకాయ నమిలినట్టు. తెల్ల వైన్‌కి రసం పిండి తొక్క తీసేస్తారు కాబట్టి ఆ బాధ దాదాపు ఉండదు. వైన్ మొదలుపెట్టాలనుకునే పెద్దవాళ్ళకి నేను ఎర్రది కాకుండా దీన్నే చూపిస్తాను.

గ్లాసులో సన్న బుడగలు కనిపిస్తున్నాయి. పాడైపోయిందా?

లేదు, అది దాని పద్ధతి. పోయగానే గ్లాసు గోడలకి ఆవగింజల్లా సన్నటి బుడగలు అంటుకుంటాయి. షాంపేన్‌లా పైకి ఉరకవు. నాలుక కొసన చురుక్కుమంటుంది, అంతే. పోర్చుగీసువాళ్ళు దాన్ని "అగుల్య" అంటారు, సూది అని. పొద్దున్నే చెట్టు నుంచి దింపిన తాటికల్లు తాగినవాళ్ళకి ఆ సూది తెలిసే ఉంటుంది. అక్కడా ఇక్కడా గుచ్చేది కార్బన్ డయాక్సైడే.

పాతకాలంలో ఇది దానంతట అదే వచ్చేది. ద్రాక్షలో మాలిక్ ఆమ్లం అని ఇంకొకటుంది, ఆపిల్‌లో ఉండేది. సీసాలో పోశాక బాక్టీరియా దాన్ని లాక్టిక్ ఆమ్లంగా, అంటే మన పెరుగులో ఉండేదానిగా మార్చేది. ఆ మార్పులో గ్యాస్ పుట్టి సీసాలోనే చిక్కుకునేది. వైన్ కాస్త మసకబారేది కూడా. ఊళ్ళో తాగేవాళ్ళకి ఆ మసక అలవాటే, ఎగుమతికి మాత్రం అడ్డం. ఇప్పుడు ఎక్కువమంది ఆ మార్పుని జరగనివ్వకుండా ఆపి, పులుపు అలాగే ఉంచి, సీసాలో నింపేటప్పుడు కొద్దిగా గ్యాస్ కలుపుతారు. ఇది మోసమా అంటే, కాదనే అంటాను. ఖరీదైన రకాల్లో చాలావాటికి బుడగలు అసలు ఉండవు.

డ్రై అన్నారు, కానీ నేను కొన్నది కాస్త తియ్యగా ఉందే?

ఎక్కువ మంది చెప్పే ఫిర్యాదు ఇదే. డ్రై అంటే తీపి లేనిది. ద్రాక్ష రసంలోని చక్కెరని ఈస్ట్ దాదాపు మొత్తం తినేస్తే డ్రై, కాస్త మిగిలితే తీపి. యూరప్ నిబంధన ప్రకారం లీటరుకి 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే డ్రై అనొచ్చు. పులుపు బాగా ఉంటే 9 గ్రాముల దాకా కూడా ఒప్పుకుంటారు, ఎందుకంటే పులుపు తీపిని కప్పేస్తుంది.

వీన్యు వెర్ద్‌లో పేరున్న పెద్ద బ్రాండ్లు చాలా వరకు సన్నటి తీపి ఉంచుతాయి. ఎక్కువమందికి నచ్చుతుందని. మీకు నిజంగా డ్రై కావాలంటే లేబుల్ మీద "సేకు" (Seco) అన్న మాట వెతకండి. "మేయు సేకు" (Meio Seco) అని ఉంటే సగం తీపి. "అదమాదు" (Adamado) అన్నా తీపి వైపు తిరిగిందే. ఏమీ రాయకపోతే ఆల్కహాల్ శాతం చూడండి. 9 శాతం ఉన్నదానికన్నా 11 శాతం ఉన్నది డ్రై అయ్యే అవకాశం ఎక్కువ. ఇది రూల్ కాదు, నేను వాడే కొండగుర్తు.

ఆల్కహాల్ ఎంత ఉంటుంది?

మామూలు కలగలుపు సీసాల్లో 8 నుంచి 11.5 శాతం మధ్య. మిగతా తెల్ల వైన్లు ఎక్కువగా 12 నుంచి 14 దాకా ఉంటాయి. లెక్కలో చెప్పాలంటే, 150 మి.లీ. గ్లాసులో 9.5 శాతం వైన్ అయితే దాదాపు 11 గ్రాముల ఆల్కహాల్, 13.5 శాతం వైన్ అయితే 16 గ్రాములు. తేలిక అన్నామని మంచినీళ్ళలా తాగితే ఫలితం ఒకటే. చల్లగా, పుల్లగా, ఎండాకాలంలో గడగడా దిగిపోతుంది. నేను జాగ్రత్తపడేది అక్కడే.

ఎంత చల్లగా తాగాలి? ఐస్ వేసుకోవచ్చా?

8 నుంచి 10 డిగ్రీలు. ఫ్రిజ్‌లో మూడు గంటలు పెట్టి, తీసి, ఒక ఐదు నిమిషాలు ఆగితే చాలు. హడావిడిగా కావాలంటే బకెట్‌లో నీళ్ళు, ఐస్, గుప్పెడు ఉప్పు వేసి సీసా ముంచండి, పావుగంటలో పని అయిపోతుంది. ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోకండి. నేను మర్చిపోయాను. తెల్లారి ఫ్రీజర్ తలుపు తీస్తే కార్క్ ఒక మూల, బఠాణీల ప్యాకెట్ మీద పసుప్పచ్చ మంచు, ఇల్లంతా ద్రాక్ష వాసన. దాన్ని తుడవడానికి ఒక ఆదివారం పోయింది.

ఐస్ వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. కాకపోతే ముందే తేలికైన వైన్, కరిగేకొద్దీ పలచబడి రుచి పోతుంది. సోడా, నిమ్మచెక్క కలుపుకుంటే మాత్రం బాగుంటుంది, ముఖ్యంగా తీపి ఉన్న సీసా చేతికొస్తే దాన్ని దారిలో పెట్టడానికి.

ఎన్నేళ్ళు దాచొచ్చు? వైన్ పాతబడితే మంచిది కదా?

అన్నీ కాదు. ఇది అసలే కాదు. మా పిన్నిగారింట్లో ఇలాంటి సీసా ఒకటి అలమరాలో చీరల వెనక నాలుగేళ్ళు ఉంది. పెళ్ళిరోజుకి తీద్దామని భద్రంగా దాచారు. తీసి పోస్తే ఒక్క బుడగ లేదు. రంగు పలచటి టీ, వాసన కోసి వదిలేసిన ఆపిల్ ముక్క. బాబాయిగారు "పాతది కదా, ఇలాగే ఉంటుందేమో" అని మర్యాదకి రెండు గుక్కలు తాగారు పాపం. (అలమరా అన్నది కూడా మనకి పోర్చుగీసువాళ్ళ నుంచి వచ్చిన మాటే. బొత్తాం, మేస్త్రీ లాగా.)

సెప్టెంబరు ప్రాంతంలో కోత, ఆ వైనే తర్వాతి వసంతానికి అంగట్లో ఉంటుంది. ఆ ఏడాదిలో తాగేస్తే ఉత్తమం, ఇంకో ఏడాది దాటనివ్వద్దు. చాలా సీసాల మీద కోత సంవత్సరం ఉండదు, రెండేళ్ళ వైన్ కలిపి నింపుతారు కాబట్టి. అలాంటప్పుడు నేను చేసేది ఇది: సరుకు త్వరగా కదిలే షాపులో కొంటాను. తెల్ల గాజు సీసా అయితే వెలుతురుకి పట్టి చూస్తాను. లేత నిమ్మరంగు ఉంటే సరే, తేనె రంగు తిరిగితే అక్కడే పెట్టేస్తాను. కిటికీ పక్కన ఎండ తగిలేలా పెట్టిన సీసా ఎంత డిస్కౌంట్ ఇచ్చినా ముట్టుకోను.

సీసా మీద ప్రాంతపు వైన్ కమిషన్ వేసే నంబరున్న చిన్న సీలు ఉంటుంది. అది ఉంటే అసలుది.

మన తిండితో కుదురుతుందా?

వాళ్ళ తిండితో ఎందుకు కుదిరిందో చూస్తే మనకి దారి తెలుస్తుంది. పోర్తో నగరంలో జూన్ 23 రాత్రి సావ్ జువావ్ పండగ. వీధి వీధినా బొగ్గుల మీద సార్డీన్ చేపలు కాలుస్తారు. నూనె కారే చేప, పైన రాళ్ళుప్పు. దానికి పుల్లటి చల్లటి వైన్ పడితే నోరు కడిగినట్టుంటుంది, మళ్ళీ చేప మీదకి మనసు పోతుంది. ఎండు కాడ్ చేపనీ బంగాళాదుంపనీ కలిపి వేయించిన ఉండలతోనూ అంతే.

కాబట్టి మన దగ్గర మొదటి వరస వేపుళ్ళే. చేప వేపుడు, రొయ్యల వేపుడు, ఉల్లిపాయ పకోడీ, అరటికాయ బజ్జీ, గారెలు. నూనె ఉన్నచోట పులుపు పనిచేస్తుంది, బజ్జీ మీద నిమ్మకాయ పిండుకున్నట్టు. అపోలో ఫిష్‌తో భేషుగ్గా ఉంటుంది. ఉప్మా పెసరట్టుతో కూడా ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రయత్నించాను, అల్లం పచ్చడి పక్కన పెడితే ఫర్వాలేదు.

కారం సంగతి చూసుకోవాలి. ఆల్కహాల్ మిరప మంటని ఎగదోస్తుంది. ఇందులో అది తక్కువ కాబట్టి ఎర్ర వైన్ల కన్నా మేలు. కానీ గుంటూరు కారం స్థాయికి వెళ్ళితే ఆ బుడగల సూది మంటకి తోడై ఇబ్బంది పెడుతుంది. అలాంటి కూరకి సన్నటి తీపి ఉన్న సీసానే సరి. చూశారా, ఇందాక తిట్టినదానికి ఇక్కడ పని పడింది.

పులుసులతో జాగ్రత్త. తిండి వైన్ కన్నా పుల్లగా ఉంటే వైన్ చప్పబడిపోతుంది. నెల్లూరు చేపల పులుసు, గోంగూర మాంసం ముందు ఇది నీళ్ళే. ఆవకాయన్నం, పెరుగన్నం పక్కన ఏ వైనూ వద్దని నా గట్టి అభిప్రాయం. వాటికి ఇంకొకరి తోడు అక్కర్లేదు.

మేం వెజిటేరియన్స్. ఇందులో ఏమైనా కలుస్తుందా?

అడగాల్సిన ప్రశ్నే. ద్రాక్ష, ఈస్ట్ వరకు ఇబ్బంది లేదు. తేట చేసే దశలో చూడాలి. మసక పోవడానికి కొందరు పాల ప్రొటీన్, కొందరు గుడ్డు తెల్లసొన, కొందరు జెలటిన్ లేదా చేప తిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. బెంటొనైట్ అనే బంకమట్టితో చేసేవాళ్ళూ చాలామంది ఉన్నారు. వాడినది చాలావరకు అడుగున దిగిపోయి తీసేస్తారు, అయినా పట్టింపు ఉన్నవాళ్ళకి అది చాలదు. వెనక లేబుల్ మీద "వీగన్" అనో ఆకు గుర్తో ఉన్న సీసా తీసుకోండి. ఏమీ లేకపోతే తయారీదారు వెబ్‌సైట్ చూడండి.

సీసా అడుగున పంచదార పలుకుల్లా ఉన్నాయి, గాజు ముక్కలా?

కాదు. ఇందాక చెప్పిన టార్టారిక్ ఆమ్లం, ద్రాక్షలోని పొటాషియంతో కలిసి చలికి గడ్డకడుతుంది. హాని లేదు. నెమ్మదిగా వంచి పోసి, అడుగున కాస్త వదిలేయండి.

సల్ఫైట్ల వల్ల తలనొప్పి వస్తుందా?

సల్ఫైట్లు వైన్ పాడవకుండా వేస్తారు. డ్రై తెల్ల వైన్‌కి యూరప్‌లో లీటరుకి 200 మి.గ్రా. దాటకూడదు. 10 మి.గ్రా. దాటితే లేబుల్ మీద రాయాలి, అందుకే దాదాపు ప్రతి సీసా మీదా ఆ మాట కనిపిస్తుంది. ఆస్తమా ఉన్న కొందరికి ఇవి పడవు, వాళ్ళు డాక్టర్‌ని అడగాలి. మిగతావాళ్ళ తలనొప్పికి మామూలుగా కారణం సీసాలో ఎంత తగ్గిందో చూస్తే తెలుస్తుంది. గ్లాసు వైన్‌కి గ్లాసు నీళ్ళు తాగండి.

అల్వారిన్యు అని రాసి ఉన్నది ఎందుకు అంత ఖరీదు?

మొదట్లో గుర్తుంచుకోమన్న మొన్సావ్-మెల్గాసు ఇక్కడ పనికొస్తుంది. స్పెయిన్ సరిహద్దు పక్కన, కొండలు సముద్రపు వానని కొంత ఆపే చోటు. వేసవిలో వేడి ఎక్కువ. అక్కడ అల్వారిన్యు రకం బాగా పండుతుంది. దిగుబడి తక్కువ, రుచి నిండు, ఆల్కహాల్ 12, 13 శాతం కూడా దాటుతుంది. నది అవతల స్పెయిన్‌వాళ్ళు దీన్నే అల్బరీన్యో అంటారు. నాలుగైదేళ్ళు దాచినా బాగుండే వైన్ ఇది. మంచి వైనే, కానీ ఇది రోజువారీ సీసా కాదు.

ఎర్ర వీన్యు వెర్ద్ ఎలా ఉంటుంది?

విన్యావ్ అనే ద్రాక్షతో చేస్తారు. దాని గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది. నేరేడు పండు తిన్న నాలుక రంగు, పులుపు, వగరు అన్నీ ఒకేసారి. ఊళ్ళలో తెల్లటి పింగాణీ గిన్నెలో పోసుకుని తాగుతారు, గిన్నె అంచుకి ఊదారంగు చార మిగులుతుంది. నాకు ఒక గిన్నె చాలు.

ఇండియాలో దొరుకుతుందా?

పెద్ద నగరాల్లో, దిగుమతి సరుకు పెట్టే షాపుల్లో అప్పుడప్పుడూ. మన ఊళ్ళలో వైన్ షాపు అంటే వైన్ తప్ప మిగతావన్నీ దొరికే షాపు కదా, అక్కడ వెతక్కండి. దొరికినా పన్నులన్నీ కలిసి ధర ఎన్నో రెట్లవుతుంది. పోర్చుగల్ సూపర్ మార్కెట్లో మూడు నుంచి ఐదు యూరోల సీసాని అంత పెట్టి కొనడం నాకు మనసొప్పదు. పైగా దారిలో, గోడౌన్లో ఎన్నాళ్ళు ఎండలో ఉందో తెలీదు. దానికన్నా నాసిక్ నుంచి వచ్చే కొత్త కోత సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ నయం. రుచి వేరు, ఆల్కహాల్ కాస్త ఎక్కువ, కానీ పులుపు, తాజాదనం ఉంటాయి.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకి ఇబ్బంది లేదు. మామూలు సూపర్ మార్కెట్లలోనే ఉంటుంది. అమెరికాలో పది డాలర్లకి అటూ ఇటూ.

రోజువారీ వైన్ అంటున్నారు. రోజూ తాగమనా?

కాదు. రోజువారీ అంటే పండగా పబ్బం చూసుకోకుండా, మామూలు రోజున మామూలు భోజనంతో తెరవగలిగిన ధరలో ఉన్నది అని. ఆల్కహాల్‌కి సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. గుండెకి మంచిదని చెప్పి మిమ్మల్ని తాగించే ఉద్దేశం నాకు లేదు. గర్భిణులు, బండి నడపాల్సినవాళ్ళు, కొన్ని రకాల మందులు వాడేవాళ్ళు దూరంగా ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో చట్టప్రకారం 21 ఏళ్ళు నిండాలి. షుగర్ ఉన్నవాళ్ళు "డ్రై కదా" అని ధైర్యం చేయకుండా డాక్టర్‌ని అడగండి.

వైన్ గ్లాసులు లేవు. స్టీలు గ్లాసులో తాగొచ్చా?

స్టీలులో ఆ బుడగలు కనపడవు, వాసనా సరిగ్గా అందదు. మంచినీళ్ళ గాజు గ్లాసు ఏదైనా సరిపోతుంది. సగం దాకే పొయ్యండి, చల్లదనం పోకముందే అయిపోతుంది.

సగం సీసా మిగిలింది. ఏం చేయాలి?

మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, పడుకోబెట్టద్దు. రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజుకి సూది పోతుంది, వైన్ ఉంటుంది. నాలుగో రోజు వంటలోకి. వెల్లుల్లి, వెన్న వేసి రొయ్యలు వేయించి, ఆఖర్న అర గ్లాసు పోసి పెద్ద మంట మీద సగానికి మరిగించండి. చింతపండు గానీ నిమ్మకాయ గానీ వేయకండి, ఆ పులుపు అదే చూసుకుంటుంది. పిల్లలు తినే వంటైతే మాత్రం పొయ్యకండి, మరిగించినా ఆల్కహాల్ మొత్తం పోదు.